మొదటి రెండు పాదాలు

తెలుక్ బాకావ్ రేవులోని రాతి ద్వారం చూసినప్పుడల్లా జలేహాకి ఒళ్లు మండేది. జిల్లా పెద్దగా, అంటే బుపాతిగా, ఎవడు గెలిచినా ముందు చేసే ఘనకార్యం ఒకటే, ఆ ద్వారం మీద తనను పొగిడే పంతున్ పద్యం చెక్కించుకోవడం. వాడు ఓడిపోగానే తరవాతివాడు దాన్ని చెరిపించేవాడు. అయిదుగురొచ్చారు, అయిదుగురూ పోయారు. సిగ్గనేది ఒక్కడికీ లేదు.

ఆ అయిదు పంతున్లూ రాసింది జలేహాయే. రాయకపోతే రేవులో ఆమె చేపల కొట్టు ఉండనిస్తారా? డెబ్బై ఏళ్లొచ్చినా తన మాట ఒక్కటీ రాతి మీద మిగల్లేదు. "నువ్వు పోయాక ఒక్కటైనా నిలవాలే తల్లీ" అని తండ్రి పోతూ పోతూ అన్నమాట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఆరోవాడు హమ్దానీ. మెడ వంచితే ఎక్కడ విరిగిపోతుందో అన్నట్టు నడిచేవాడు.

"మాక్, నా పేరు బాగా కనబడాలి. ఆ ముందు రెండు పాదాలూ ఏదో ఒకటి పెట్టెయ్. చెట్టో చేపో. ప్రాస కుదిరితే చాలు" అన్నాడు.

పంతున్‌కి నాలుగు పాదాలు. ఊళ్లో ముసలాళ్లనడిగితే, చెప్పదలచుకున్నది ముందు రెండింట్లోనే తొంగి చూస్తుందంటారు. కుర్చీలెక్కినవాళ్లకి తమ పేరున్న చివరి రెండే పద్యం.

"అలాగే పాక్, అయ్యగారి మాటే. పీతను పెడతా" అంది జలేహా వినయంగా.

ద్వారానికి మళ్లీ ప్రారంభోత్సవం చేసిన నాడు మైకు పట్టుకుని ఆమే చదివింది.

"ఇసుకలో మేడ కట్టింది పీత,
పోటు వస్తే దాని జాడే లేదు;
హమ్దానీ మన భాగ్యవిధాత,
ఆయన ఏలుబడికి సాటే లేదు."

పాదం పాదానికీ జనం "భేష్!" అన్నారు. రెండో పాదానికైతే పడవలవాళ్లు ఈలలు వేశారు. బుపాతి తన పేరొచ్చేదాకా జేబురుమాలుతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు, తరవాత పళ్లికిలించాడు. ఓరి నీ తెలివి తెల్లారిపోనూ, అనుకుంది జలేహా.

అయిదేళ్లు తిరక్కుండానే హమ్దానీ చిత్తుగా ఓడాడు. రుస్లీ వచ్చాడు. వస్తూనే రాళ్లు చెక్కే తమ్రిన్‌ని ద్వారం దగ్గరకి పిలిపించి, "మొత్తం చెరిపెయ్!" అన్నాడు.

పీత కూడా పోతే ఇక జలేహాకి రాయడానికి ఓపికా లేదు, ఆయుష్షూ లేదు. కొట్టులోంచి పరుగులాంటి నడకతో వచ్చింది.

"చెరిపించండి పాక్, నాకేం? కానీ కొత్తగా నాలుగు పాదాలు కట్టాలంటే నాకు నెల పడుతుంది. ముసలిదాన్ని."

"నెలా! శుక్రవారం ప్రారంభోత్సవం, గవర్నరుగారొస్తున్నారు!"

"అయితే కింది రెండే మార్చండి. రేపటికిచ్చేస్తా. పైన ఎవరి పేరూ లేదుగా, పీతేగా ఉంది."

రుస్లీ తలెత్తి రాతిని చూశాడు. పక్కనున్న గుమస్తా నవ్వాపుకోలేక పొలమారినట్టు దగ్గాడు.

"ఉండనీ. పీత నాకేం అడ్డం?" అన్నాడు రుస్లీ. "నా పేరు మాత్రం వాడి పేరుకన్నా పెద్దగా ఉండాలి."

"మీ పేరు పెద్దగా లేకపోతే ఎలా పాక్!" అంది జలేహా.

కారు కదిలి మలుపు తిరిగేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. తరవాత పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆకులో కాల్చిన చేప ముద్దలు నాలుగు తెచ్చి తమ్రిన్ ముందు పెట్టింది.

"కొత్త పాదాలేవి మాక్? రాసిస్తే గీతలు గీసుకుంటా" అన్నాడు వాడు తింటూ.

"కొత్తవెందుకురా? హమ్దానీ తీసి రుస్లీ పెట్టు, సరిపోతుంది."

తమ్రిన్‌కి ముద్ద గొంతులో అడ్డుపడింది. మంచినీళ్లు తాగి, ఉలి తీసి నిచ్చెనెక్కాడు.

"పీత ఉన్న రెండు పాదాలకీ మళ్లీ లోతుగా గాటు పెట్టు నాయనా, నూరేళ్లుండాలి" అంది జలేహా కిందనుంచి. "కిందవి మాత్రం పైపైన చెక్కు. రేపు చెరపాల్సినవాడివీ నువ్వేగా!"