జానకమ్మ అట్ల బడి

నాంపల్లి స్టేషన్‌లో రైలు కూత పెడితే ఆ ఇంట్లో గోడకి తగిలించిన అద్దం కూడా ఓ మారు ఒళ్ళు విదిలించుకునేది. అంత దగ్గర. ఆ ఇంట్లోనే జానకి తన పిల్లలిద్దరికీ తానే బడి అయిపోయి రెండేళ్ళు దాటింది. కావాలని చేసిన పని కాదు లెండి. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి మారినప్పుడు గుమాస్తాలంతా ట్రంకుపెట్టెలు మోసుకుని వచ్చారు కదా, వాళ్ళలో ఆవిడ మొగుడు భావనారాయణ ఒకడు. వచ్చేసరికి ఏడాది సగమైంది, బళ్ళో జూన్‌లో రమ్మన్నారు. జూన్ వచ్చేసరికి పిల్లలకి ఆటలమ్మ పోసింది. అది తగ్గేసరికి బడి సంగతి భావనారాయణ మర్చిపోయాడు. జానకి మర్చిపోలేదు గానీ గుర్తు చెయ్యలేదు. అప్పటికే ఆవిడ పిల్లలతో బడి ఆట మరిగింది.

రేపల్లెలో ఎనిమిదో క్లాసు దాకా చదివిన మనిషి. తనకి వచ్చినదంతా పిల్లలకి పెట్టెయ్యాలని సరదా. కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి ఏడో ఎక్కం మొదలుపెడితే, పక్కవాటాలో ఉండే యాదవ్వ కూడా నడుమ్మీద బిందె పెట్టుకుని అందుకునేది. ఆవిడ మొగుడు మొగులయ్యకి గూడ్సు షెడ్డులో పని. సిద్దిపేట పక్క పల్లె నుంచి వచ్చారు వాళ్ళు. "ఏడేండ్లు నలభై తొమ్మిదంట, నా పెండ్లయి గన్నేండ్లయినట్టే ఉన్నది" అని యాదవ్వ అంటే వరసంతా పగలబడి నవ్వేది. సాయంత్రాలు ఆబిడ్స్ దాకా నడక. దుకాణాల బోర్డుల మీద మూడు భాషలుండేవి. తెలుగు వరస పిల్లలు గట్టిగా చదివేవారు. ఉర్దూ వరస ఏమై ఉంటుందో పందెం వేసుకుని, తోచింది చెప్పి, బషీర్‌బాగ్ దాకా నవ్వుకుంటూ పోయేవారు.

అన్నిటికంటే గొప్ప పాఠం మాత్రం పొద్దుట పొయ్యి దగ్గర. బుజ్జమ్మ పెద్దది, కర్నూల్లోనే పలక మీద అక్షరాలు దిద్దేసి వచ్చింది. చిన్నవాడు సదాశివకి అక్షరమంటే పారిపోవడమే. తిండి ఒక్కదానికే ఆగేవాడు. అందుకని జానకి గరిటెతో పెనం మీద అట్టుపిండిని గుండ్రంగా పొయ్యకుండా 'అ' అని పోసేది. కాలాక అట్లకాడతో తిరగేసి కంచంలో పడేసేది. పేరు చెబితేనే తినాలి. మొదటివారం వాడు 'అ' మాత్రమే తిన్నాడు. ఆకలికి ఆగలేక 'ఆ' నేర్చుకున్నాడు. 'ఱ' దాకా వచ్చేసరికి బుగ్గలొచ్చాయి. తర్వాత అక్షరానికి అక్షరం పిండితో అతికించి మాటలు పోసేది. 'వంకాయ' తిన్నాడు, 'ఏనుగు' తిన్నాడు. ఓ రోజు 'హైదరాబాదు' పొయ్యబోతే పెనం చాల్లేదు, 'దు' పొయ్యిలో పడింది. ఊరు సగమే తిన్నానని వాడు సాయంత్రం దాకా అలిగాడు.

రాయడం మాత్రం చేయించలేదు. ఉన్న ఒక్క పలకా బుజ్జమ్మ దాని మీద కూర్చుని పగలగొట్టింది. వేళ్ళు లేతవి, రాత వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంది జానకి.

అంతా బాగానే ఉండేది, బాపట్లలో ఉన్న బావగారి చెవిన పడకపోతే.

బావగారంటే భావనారాయణ అన్న రాధాకృష్ణమూర్తి. హెడ్మాస్టరు. ఆయన వీధిలో వస్తుంటే పిల్లలు దగ్గు కూడా ఆపుకునేవారట. తమ్ముడి పిల్లలు బడి మొహం చూడలేదనీ, 'అవును' అనకుండా హైదరాబాదు యాసలో 'ఔ' అంటున్నారనీ ఎవరో పోయి చెప్పారు. శనివారం వస్తున్నాననీ, పిల్లల్ని తానే పరీక్ష చేస్తాననీ, చదువు సరిగా లేకపోతే ఇద్దర్నీ బాపట్ల తీసుకుపోయి తన బళ్ళో వేసుకుంటాననీ కబురు పంపాడు. భావనారాయణ అన్నగారి మాటకి ఎదురు చెప్పిన పాపాన పోలేదు. చిన్నగా దగ్గి, కబురు తెచ్చినాయనకి మంచినీళ్ళు ఇచ్చాడు, అంతే. జానకి మాత్రం ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. పిల్లల్లేని ఇంట్లో రైలు కూత ఎలా వినబడుతుందో తలుచుకుంటూ ఆ రాత్రి ఆఖరి బండి పోయేదాకా మేలుకునే ఉంది.

శనివారం పొద్దున్నే ఆయన రిక్షా దిగాడు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో సంచి. సంచిలోంచి మామిడితాండ్ర తీసి పిల్లలకిచ్చాడు, దాని కిందనుంచి రెండు కొత్త పలకలు తీశాడు. తాండ్ర చూసి నవ్విన మొహాలు పలకలు చూసి ముడుచుకున్నాయి.

ముందు బుజ్జమ్మ. మీ నాన్న ఏం చేస్తాడు అని అడిగితే, నౌకరీ చేస్తడు పెదనాన్నా అంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఎవరింట్లో అన్నాడు. ఆయన ఊళ్ళో నౌకరంటే పనివాడు మరి. గుమ్మం అవతలనుంచి యాదవ్వ, సర్కారుల నౌకరి సారూ, జర ఇజ్జతిది అని సర్దిచెప్పింది.

సరే, అక్షరాలకి పోదామన్నాడాయన. ఆయన బళ్ళో పిల్లలు ఎక్కడ తడబడతారో ఆయనకి తెలుసు. ఒత్తక్షరాల దగ్గర. 'ఖ'తో ఒక మాట చెప్పమన్నాడు. ఖడ్గం అంటుందని చూశాడు. ఖైరతాబాద్ అంది. 'ఘ'కి ఘాన్సీ బజార్ అంది. 'ఛ'కి ఛత్రీ అని ఆయన గొడుగే చూపించింది. 'ఝ'కి ఝండా, 'ఠ'కి ఠాణా, 'ఫ'కి ఫికర్. ఆలోచించకుండా టపటపా చెప్పేసింది. ఒక్క ఒత్తూ జారలేదు. ఆయన ఇలాంటి ఒత్తులు విని ఎన్నాళ్ళయిందో.

"ఇవన్నీ తెలుగుమాటలేనా?" అన్నాడు.

"మరేంది సారూ," అంది యాదవ్వ గుమ్మంలోంచి, "పుట్టినకాంచి మేం మాట్లాడేది గదే."

ఆయన మూతి ఓ పక్కకి వంకర తిరిగింది. అది నవ్వని తర్వాత తెలిసింది గానీ అప్పుడు జానకి కోపమనే అనుకుంది. చివరికి బుజ్జమ్మని పక్కన కూర్చోమన్నాడు. పర్వాలేదన్నట్టే.

తర్వాత సదాశివ. చదవమన్నవన్నీ గడగడా చదివాడు. అప్పుడాయన పలక చేతికిచ్చి, నీ పేరు రాయి నాయనా అన్నాడు. వాడు సంతోషంగా పలకకి కుడి చివర బలపం పెట్టాడు. అక్కణ్ణుంచి ఎడమకి వచ్చాడు. నాలుక బయటపెట్టి, ఒళ్ళంతా వంచి, తల్లి పోసే అట్టు లాగే వంపులు తిప్పి రాశాడు. రాసి పలక ఎత్తి చూపించాడు.

అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. ఒక్కటని కాదు, 'స' మొహం అటు పెట్టి, 'ద' వీపు ఇటు పెట్టి, మొత్తం సదాశివ అద్దంలో చూసుకున్నట్టు నిలబడ్డాడు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పలక తలకిందులు చేసి చూశాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, ఇది ఈ ఊరి బోర్డుల మహిమరా అన్నాడు. కుడినుంచి ఎడమకి రాసే ఉర్దూ బోర్డుల కింద నడిపించి నడిపించి పిల్లాడి చెయ్యే తిప్పేశారన్నాడు. ఆ భాష గొప్పదే గానీ వీడి తెలుగు దాని దారిన పోతోందన్నాడు. రేపు సాయంత్రం బండికి ఇద్దర్నీ తీసుకుపోతాను, సామాన్లు సర్దమన్నాడు. భావనారాయణ నేల చూపులు చూశాడు.

జానకికి ఆ నడకలన్నీ గుర్తొచ్చాయి. ఆబిడ్స్ తిప్పింది తనే కదా. తన కాళ్ళే వాడి చేతిని పాడుచేశాయనుకుంది. పిల్లాణ్ణి చెయ్యిపట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయి, పిండి గిన్నె పక్కన కూలబడి, ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"ఇట్లా రాయడం ఎవరు నేర్పార్రా నీకు?"

"నువ్వే," అన్నాడు వాడు.

"నేనెప్పుడు నేర్పాను?"

"రోజూ. కంచంలో ఇట్లనే ఉంటది గదా."

జానకి తలెత్తింది. పెనం చూసింది. కంచం చూసింది. అట్లకాడ చూసింది. ఇన్నాళ్ళూ తను చూసింది పెనం మీది అక్షరాన్ని. అట్టు తిరగేసి కంచంలో పడెయ్యగానే తరవాతదానికి పిండి ముంచుకునేది. కంచంలోకి ఏనాడూ తొంగి చూడలేదు. వాడు తిన్నవన్నీ తిరగబడ్డ అక్షరాలే. రెండేళ్ళుగా.

నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత కడుపులోంచి. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. పిల్లాడు ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వాడు. బుజ్జమ్మ పరిగెత్తుకొచ్చింది. ఏందక్కా గిట్ల నవ్వుతున్నవ్, మొగుడు తన్నిండా ఏంది అంటూ యాదవ్వ వచ్చి, సంగతి విని, గోడ పట్టుకుని కింద కూర్చుంది. పిల్లల్ని పంపించే ఇంట్లో ఈ నవ్వులేమిటని రాధాకృష్ణమూర్తి గారు స్వయంగా వంటింటి గడప దాటాడు.

జానకి మాట్లాడలేక పెనం వేడిచేసి 'స' పోసింది. ఆయన చూశాడు. నికార్సయిన 'స'. కాలనిచ్చి తిరగేసి కంచంలో వేసి ఆయన ముందుకి తోసింది. ఆయన కంచాన్ని చూశాడు, పలకని చూశాడు, మళ్ళీ కంచాన్ని చూశాడు. ఆబిడ్స్ బోర్డుల మీద వేసిన నేరం ఆయన మొహంలోంచి మెల్లిగా దిగిపోయింది.

హెడ్మాస్టరు కదా, తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేడు. పెనం మీదే తిరగేసి పోస్తే కంచంలో సవ్యంగా పడుతుందిగా అన్నాడు. పంచె పైకి దోపుకుని పీట లాక్కుని కూర్చున్నాడు. గరిటె అందుకున్నాడు. ఇన్నేళ్ళు నల్లబల్ల మీద రాసిన చెయ్యి. 'ద' వెనక్కి తిప్పబోతే ముందుకే పోయింది. రెండోది జడలా వచ్చింది. మూడోది పీత. యాదవ్వ దాన్ని చూసి, సారూ, ఇది ఏ క్లాసుల చెప్తరు అంది. ఆయన చెమట తుడుచుకున్నాడు.

"ఇటియ్యి పెదనాన్నా," అన్నాడు సదాశివ.

గరిటె తీసుకుని కుడినుంచి ఎడమకి, చేతికి అలవాటైన దారిన, తన పేరంతా పోశాడు. జానకి కాలనిచ్చి, విరగకుండా అట్లకాడ దూర్చి తిప్పింది. కంచంలో పడ్డాడు సదాశివ. తలకట్టు తలమీద, ప్రతి అక్షరం మొహం సవ్యమైన వైపు, అచ్చు వేసినట్టు.

ఆయన ఆ కంచాన్ని గుమ్మం వెలుతురులోకి జరిపి పైకే చదువుకున్నాడు. చదివి, 'వ' విరిచి నోట్లో వేసుకున్నాడు.

అప్పుడు జానకికి ఎక్కడ లేని ధైర్యమొచ్చింది.

"బావగారూ, వాడికి అక్షరాలు రాకపోలేదు. వీపు తిప్పుకుని వచ్చాయి, అంతే. తిప్పింది నేను. మళ్ళీ నేనే తిప్పుకుంటాను. వాణ్ణి నా దగ్గర ఉంచండి."

ఆయన 'శి' కూడా తిన్నాక గానీ మాట్లాడలేదు.

"మా బళ్ళో వేస్తే మా మాస్టార్లు వీడి చెయ్యి బెత్తంతో తిప్పుతారమ్మాయ్," అన్నాడు. "నువ్వు అట్లకాడతో తిప్పు. ఇకనుంచి పెనం మీద నుంచే చదివించు. కంచంలోకి వచ్చాక అది తిండి."

గుమ్మంలో నక్కి వింటున్న తమ్ముణ్ణి కేకేసి, రేపటి బండికి టికెట్టు ఒకటే చాలన్నాడు. అలాగే అన్నయ్యా అని భావనారాయణ అప్పుడే కొనడానికి పోతున్నట్టు చెప్పులు వేసుకున్నాడు. ఆయన తమ్ముణ్ణి ఆగమని, కంచం ముందుకి జరిపి, ఇంకోటి పొయ్యమ్మా, ఈసారి కాస్త అల్లప్పచ్చడి కూడా అన్నాడు.

జానకి గరిటె ముంచింది గానీ పొయ్యబోతే మళ్ళీ నవ్వు ముంచుకొచ్చింది. పిండి పెనం మీద ఎటుపడితే అటు పోయి, వంకరలు తిరిగి, తోకలు పెట్టి, ఏ భాషలోనూ లేని అక్షరమొకటి తయారైంది. అది నాదంటే నాదని పిల్లలిద్దరూ పీటలు తోసేసి మరీ కొట్టుకున్నారు.