రెండు చెట్లు పరుగు, నాలుగు చెట్లు నడక

రోజూ తెల్లవారకముందే, పాలవాళ్ళింకా సైకిళ్ళు బయటికి తియ్యకముందే, కృపావతి టీచరు కాలవగట్టు ఎక్కేది. రెండు కొబ్బరిచెట్ల దూరం పరుగు, నాలుగు చెట్ల దూరం నడక. మళ్ళీ రెండు పరుగు, నాలుగు నడక. ట్రైనింగులో రాసుకున్న నోటుబుక్కులో అలాగే ఉంది. ఒకే తీరున పరిగెడితే ఒళ్ళు దానికి అలవాటు పడిపోతుందట. పొయ్యిని ఊదుగొట్టంతో ఊదినట్టు, ఉండి ఉండి ఊదితేనే కొవ్వు కరుగుతుందట.

రాజోలు దగ్గర ఆడపిల్లల హైస్కూల్లో ఆవిడ డ్రిల్లు టీచరు. ఇద్దరు పిల్లలు పుట్టాక ఒళ్ళొచ్చేసింది. డెబ్భై ఎనిమిదిలో ఆటలపోటీల రోజున పిల్లలకి పరుగు చూపించబోయి, సగం దూరంలో ఆయాసమొచ్చి గ్రౌండు మధ్యలో చతికిలబడింది. గ్రౌండుకి కనిపించే తాతారావు టీకొట్టు దగ్గర మగవాళ్ళు నవ్విన నవ్వు ఇంకా ఆవిడ చెవుల్లోనే ఉంది. ఆ తర్వాత ఎవరి ముందూ పరిగెత్తలేదు. నలుగురిలో కూర్చుని కడుపునిండా తిననూ లేదు.

పరిగెత్తి వచ్చాక ఆవిడ ఒంట్లోంచి వేడి కొట్టేది. దండెం మీద బట్టలు ఆరిపోయేవి, గోడమీద పిడకలు ఎండిపోయేవి. ఇరుగుపొరుగుకి అది వింతేమీ కాదు.

"టీచరుగారొచ్చేసేరాండీ? అయితే ఈ అప్పడాలు మీ అరుగు మీద పెట్టేస్తానండి," అనేది పక్కింటి సుబ్బాయమ్మ.

"ఆయ్, పెట్టండి," అనేది ఈవిడ తల వంచుకుని. ఆ అప్పడాలు ఎండేది తన కొవ్వుతోనని ఊరందరికీ తెలియడం ఆవిడకి చచ్చే సిగ్గు.

ఒక ఏడు సరిగ్గా మాసూళ్ళప్పుడు, వరి నూర్పిళ్ళు జరుగుతుండగా, ముసురు పట్టింది. ఐదోరోజుకి వాన వెలిసింది గానీ ఎండ మొహం చూపించలేదు. ఎకరం చేను కౌలుకి చేసుకుంటూ ఒంటరిగా బతికే సత్తెమ్మ, తడిసిన చీరతోనే టీచరు గుమ్మంలోకి వచ్చింది.

"టీచరుగారండీ, నూర్చిన ధాన్యం తడిసి ముద్దయిపోయిందండి. మొలకొచ్చేసిందంటే కౌలు కట్టలేనండి, ఆసామి ముత్యాలరాజుగారు చేను ఇంకోళ్ళకిచ్చేస్తారండి. మీరొక్కసారి కళ్ళం చుట్టూ పరిగెడితే..."

సత్తెమ్మ కళ్ళం తాతారావు టీకొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉంది.

"నాకు జ్వరం, సత్తెమ్మా," అంది కృపావతి.

"అయ్యో, పడుకోండమ్మా," అని సత్తెమ్మ వెళ్ళిపోయింది. ఆమె నించున్న చోట గుమ్మంలో నీళ్ళు మడుగు కట్టాయి.

మర్నాడు స్కూలుకి వెళ్తూ కృపావతి కళ్ళం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. రాశిలో సగం పచ్చగా మొలకెత్తింది. సత్తెమ్మ నేలమీద కూర్చుని మొలకల్ని ఓ పక్కకీ, గింజల్ని ఓ పక్కకీ తీస్తోంది. కృపావతి దారిలోనే ఆగిపోయింది. గ్రౌండులో చతికిలబడిన నాటి సిగ్గు దీని ముందు ఒక సిగ్గే కాదు.

సంచీ కింద పడేసి, చెప్పులు విడిచి, కొంగు బొడ్లో దోపింది. కళ్ళంలో చెట్లు లేవు కనక చుట్లు లెక్కపెట్టుకుంది. రెండు చుట్లు పరుగు, నాలుగు చుట్లు నడక. టీకొట్టు దగ్గర ఎవడో కిసుక్కున నవ్వాడు. నవ్వనీ అనుకుంది గానీ, మొహం మాత్రం ఎత్తలేకపోయింది. మధ్యాహ్నానికి చాపల మీద పరిచిన ధాన్యంలోంచి ఆవిరి లేచింది. అప్పుడు తాతారావే టీ కెటిలు దింపేసి వచ్చి, కాళ్ళతో గింజలు తిరగెయ్యడం మొదలుపెట్టాడు. వెనకే మిగతావాళ్ళూ వచ్చారు.

సగం ధాన్యం దక్కింది, చేను సత్తెమ్మ చేతిలోనే ఉండిపోయింది. పోయిన సగం పోయినట్టే.

ఆ ఆదివారం చర్చి వదిలేసరికి సత్తెమ్మ మెట్ల దగ్గర కొత్తబియ్యం పరమాన్నం గిన్నెతో నించునుంది.

"తినండమ్మా, మరీ చిక్కిపోయేరు. మళ్ళీ ఏడు కూడా ముసురొస్తుంది కదండీ."

అందరూ చూస్తున్నారు. కృపావతి గిన్నె అందుకోలేదు.

"సత్తెమ్మా, ఆ రోజు నాకు జ్వరం లేదు. నలుగురిలో పరిగెత్తడానికి సిగ్గేసి అబద్ధమాడేను. ఆ రోజే వచ్చుంటే నీ ధాన్యం సగం పోయేది కాదు."

"తెలుసండి," అంది సత్తెమ్మ. "మీకు జ్వరమే వస్తే, మీ గుమ్మంలో నించున్న నా తడిచీర ఆరిపోదాండీ?"

గిన్నె ఇంకాస్త ముందుకి జరిపింది.

"తినండి, చల్లారిపోద్ది."

మెట్ల మీద కూర్చుని, అంతమంది ముందూ, తల ఎత్తకుండానే, కృపావతి గిన్నె అడుగు కనిపించేదాకా తింది.