నోరు ఒక్కటే

శిల్పి కూతురు పోయి ఏడు నెలలైంది. పన్నెండేళ్ల పిల్ల. మూడు రోజుల జ్వరం. ఆ పిల్ల తలను మట్టిలో చేయడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది.

పని పూర్తయిందని అందరూ అన్నారు, అతను తప్ప. మధ్యాహ్నం మూడింటికి బావమరిది ప్లాస్టర్ బస్తాతో వస్తాడు. అచ్చు తీస్తే లోపలి మట్టి చితికి ముద్దవుతుంది. ఆ అచ్చులోంచి వచ్చేదే ఇక మిగిలేది. ఏం మార్చాలన్నా ఈలోపే మార్చాలి.

మార్చవలసింది నోరు ఒక్కటే.

భార్యకు ఆ నోరంటే ప్రాణం. రోజూ పొద్దున్నే వచ్చి, తల మీద తడిగుడ్డ విప్పి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేది. "మన చిట్టే, పొల్లుపోలేదు" అనేది. ఆమె కడుపునిండా తినడం మొదలుపెట్టింది ఈ మధ్యే.

అతనికి మాత్రం తెలుసు, అది ఫొటోలోని నవ్వని. బడిలో ఫొటో తీసేవాడు నవ్వమంటే నవ్విన నవ్వు. అసలు చిట్టి ఏదైనా అడగబోయే ముందు పెదవులు కాస్త విడివడి ఎడమకు ఒరిగేవి. అడగనా వద్దా అని ఒక్క క్షణం ఆగేవి. ఆ క్షణానికి ఫొటో లేదు. అతని తలలో ఉంది, అదీ రోజురోజుకూ పలచబడుతోంది.

బావమరిది గంట ముందే దిగాడు.

"ఏంటి బావా, ఇంకా దాని చుట్టూనే తిరుగుతున్నావా? పిల్లకి కళ్ళు తిరుగుతాయి."

"నోరు కుదర్లేదురా."

"అక్క చూసి మురిసిపోతుంటే నీకు కుదర్లేదా? వంకలు పెట్టడంలో నీ తర్వాతే ఎవరైనా."

"తీసి మళ్ళీ పెడతాను."

బావమరిది బస్తా దించి నడుం నిమురుకున్నాడు. అతని గొంతులో వేళాకోళం పోయింది.

"రాకపోతే? నువ్వు తెగించేవాడివని నాకు తెలీదా? ఆ పెద్దమనిషి విగ్రహానికి చెయ్యి ఏ ఆధారమూ లేకుండా గాల్లో నిలబెట్టావు. విరిగితే విరిగిందన్నావు. అప్పుడు విరిగేది సిమెంటూ ఇనుపచువ్వా. బావా, ఇప్పుడు విరిగేది అక్క."

ఆ చెయ్యి చూసి ఎంత సాహసమని పత్రికలవాళ్ళు రాశారు. శిల్పీ నమ్మాడు. నిజానికి అది కూలినా ఆ రోజు అతనికి అన్నం సయించేది, నిద్ర పట్టేది.

"పోనీ, అక్కనో మాట అడుగు."

అడిగితే వద్దంటుంది. వద్దంటే చేయలేడు. అందుకే అడగలేదు. తీగ బిగించిన గీకుడు పుల్ల తీసుకుని రెండు పెదవులనూ నున్నగా తీసేశాడు.

మొదట పెట్టిన నోరు ఏడుపుగొట్టుగా వచ్చింది. తీసేశాడు. రెండోది ఎవరో పక్కింటి పిల్లది. మూడోది చూస్తే తన నోరే. గోడ మీది ఫొటో తీసి పక్కన పెట్టుకుని పాత నవ్వైనా తిరిగి పెడదామనుకున్నాడు. అదీ రాలేదు. నాలుగు నెలలు వేళ్ళకు అలవాటైనది ఆ పూట వేళ్ళలో లేదు.

"ప్లాస్టర్ కలపనా వద్దా?" అన్నాడు బావమరిది, ఖాళీ తొట్టిలో కర్ర తిప్పుతూ.

అచ్చు తీసేముందు ఒక్కసారి చూసుకుందామని మూడింటికి భార్య వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"నోరేదండీ?"

"తీశాను."

"ఎందుకు?"

"అది చిట్టి నోరు కాదు."

ఆమె అరవలేదు. స్టూలు తడుముకుని కూర్చుంది.

"కాదని నాకు తెలీదూ? కన్నదాన్ని. తెలిసే సరిపెట్టుకున్నాను. మీరెందుకు సరిపెట్టుకోలేకపోయారు?"

బావమరిది నీళ్ళు తెస్తానంటూ బయటికి వెళ్ళాడు. నిండు బకెట్టు అతని కాళ్ళ దగ్గరే ఉంది.

"పోనీ, ఆ ఫొటోదే మళ్ళీ పెట్టండి."

"రావట్లేదు." అతను తలెత్తలేదు. "ఏదైనా అడగబోయేటప్పుడు మూతి ఎలా పెట్టేదో... నీకు గుర్తుందా?"

"ఎందుకుండదు? ఇదిగో, ఇలా..."

ఆమె ముఖం పైకెత్తి పెదవులు విడదీసింది. ఎడమకు ఒరిగించబోయింది. అవి వణికాయి. కొంగుతో తుడుచుకుని మళ్ళీ ప్రయత్నించింది. అవి ఆమె పెదవులే, ఎన్నిసార్లు చూసినా ఆమెవే. బొటనవేలి మీద మట్టితో అతను ముందుకు వంగి చూస్తున్నాడు.

"ఉండండి, ఉండండి," అంది ఆమె. "ఇప్పుడొస్తుంది."