గడప ఆకు

యలమందాచారికి ముక్కు మీద కోపం. ఆ సంగతి హనుమాన్ జంక్షన్‌లో టీకొట్టు వాడి దగ్గర్నుంచి లారీ క్లీనర్ల దాకా అందరికీ తెలుసు. కాని ఎనభై తొమ్మిది వేసవిలో వచ్చిన కోపం ముక్కు మీద ఆగలేదు, నెత్తికెక్కి కూర్చుంది. కారణం ఒక మిషను.

జగన్మోహనరావుగారికి బాపులపాడులో మామిడితోట, జంక్షన్‌లో తలుపుల షెడ్డు ఉన్నాయి. షెడ్డులో పదిమంది మామిడికాయల పెట్టెలకు మేకులు కొట్టేవాళ్ళు. టేకు తలుపుల మీద చెక్కడం పని చేసేది మాత్రం యలమందాచారి ఒక్కడే. అలాంటి చోటికి రావుగారు మద్రాసులో ఎగ్జిబిషన్ చూసొచ్చి, చెక్కను తనంతట తానే చెక్కే మిషనొకటి లారీలో దింపించారు. దానికి తోడు టీవీలాంటి కంప్యూటరు. కంప్యూటరుకు తోడు, బెజవాడలో పాలిటెక్నిక్ చదివిన హైమవతి అనే అమ్మాయి.

"ఆచారీ, నువ్వు పన్నెండు రోజులు చెక్కే తలుపు ఇది పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి చెక్కేస్తుందంట," అన్నారు రావుగారు. "నీ పిందెతీగ కాయితం ఆ అమ్మాయికివ్వు. మొదటి తలుపు మా కొత్తింటికి. తర్వాత నూజివీడు మామిడి వర్తకుల కాలనీకి ముప్ఫై ఒప్పుకున్నాను."

పిందెతీగ ఆచారి తండ్రి గీసిన నమూనా. తలుపు చుట్టూ తీగ, తీగకు మామిడి పిందెలు, పద్దెనిమిది ఆకులు. కాయితం మీద మాత్రం పదిహేడే ఉండేవి. పద్దెనిమిదోది గడప ఆకు. కుడి రెక్కకు అడుగున, గడపకు జానెడు ఎత్తులో దాని చోటు. దాన్ని కొట్లో చెక్కరు. గృహప్రవేశం రోజు ఇంటి పెద్దామె తలుపుకు పసుపూ కుంకుమా పెట్టాక, వడ్రంగి గుమ్మం ముందు కూర్చుని అందరూ చూస్తుండగా ఆ ఒక్క ఆకూ చెక్కాలి. అప్పుడే ఎవరైనా లోపలికి అడుగు పెట్టేది. చెక్కిన చేతికి పళ్ళెంలో కొత్త పంచెలూ కండువా పెట్టి ఇచ్చేవాళ్ళు. ఎంతటి మోతుబరి అయినా ఆ కాసేపు ఎండలో నిలబడి వడ్రంగి లేచేదాకా ఆగాల్సిందే.

యలమందాచారి బతుకులో గొప్ప అనేది ఏదైనా ఉంటే అదే. కూలి పోతే పెట్టెలకు మేకులు కొట్టుకునైనా బతకొచ్చు. గుమ్మం ముందు తన చోటు పోతే ఇంకేం మిగులుతుంది? కాని షెడ్డు రావుగారిది, టేకు రావుగారిది. ఇవ్వనని అనే ధైర్యం లేక, రేకు గొట్టంలోంచి కాయితం తీసి ఆ పిల్ల బల్ల మీద పడేసి వెనక్కి తిరగకుండా వచ్చేశాడు.

హైమవతికీ ఆ పని కొత్తే. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక పేజీ తిప్పడం, రెండు మీటలు నొక్కడం, తల పట్టుకోవడం. బల్ల మీద గళ్ళ బోర్డు ఒకటుంది. దాని మీద సబ్బుబిళ్ళంత పరికరం, ఆ బిళ్ళకు గాజు కన్ను, కంటి మీద కూడిక గుర్తు. కాయితాన్ని బోర్డుకు అంటించి, గాజు కన్నును గీత వెంబడి కాస్త కాస్త జరుపుతూ టిక్కు టిక్కుమని నొక్కితే, కంప్యూటరులో అదే గీత ఆకుపచ్చగా పడేది. మధ్యలో కరెంటు పోయిందా, గీసిందంతా గోవిందా. మొదటి వారం నాలుగుసార్లు అట్లా పోయింది. పోయినప్పుడల్లా ఆచారి ఉలి పక్కన పెట్టి వక్కపలుకు నోట్లో వేసుకునేవాడు. ఆయనకు అంత హాయిగా వక్క నమిలి ఎన్నాళ్ళయిందో.

"ఆచారిగారూ, ఈ పిందె ఎంత లోతు చెక్కుతారండీ?" అని అడిగిందొకరోజు.

"చేతికి తెలుస్తుంది."

"దీనికి చెయ్యి లేదండీ. అంకె చెప్పాలి."

"చెయ్యి లేనిదానికి చెక్కుడెందుకంట? పోయి పిండి రుబ్బుకోమను!"

పెట్టెలవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ పిల్ల మొహం కందిపోయింది. తనకు తోచిన అంకె వేసి, ఒక మామిడి పలక మీద మిషను తిప్పింది. మిషను ఉలి ఝుమ్మంటూ దిగి, పలకను ఇవతల్నుంచి అవతలికి తొలిచేసింది. ఆచారి ఆ బెజ్జంలోంచి వేలు పోనిచ్చి అందరికీ ఊపి చూపించాడు. హైమవతి ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. మర్నాడు ఇంటి నుంచి అల్లిక సూది పట్టుకొచ్చి, షెడ్డులో మూలనున్న ఆచారి పాత తలుపు ముందు కూలబడి, ఒక్కొక్క గంటులో సూది దించి, స్కేలుతో కొలిచి రాసుకుంది. తన తలుపును ఎవరో సూదులతో పొడుస్తున్నట్టు ఆచారికి ఒళ్ళు మండిపోయింది. ఆ పాత తలుపు మీదా గడప ఆకు లేదు. కొనేవాళ్ళు మానుకుంటే గుమ్మం ఎక్కక మిగిలిపోయిన తలుపది.

ఇంకో మాట చెప్పాలి. మొహం అటు తిప్పుకు కూర్చున్నా, ఆచారి కళ్ళు మాత్రం ఆ కంప్యూటరు మీదే ఉండేవి. తప్పు గీత పడితే ఆ పిల్ల ఎడమచేత్తో ఏ వరసలో ఎన్నో మీట నొక్కుతుందో, తర్వాత కుడివైపు పెద్ద మీట ఎట్లా నొక్కుతుందో, గాజు కన్ను గీత మీద పెట్టి టిక్కుమనిపించి, మళ్ళీ ఆ పెద్ద మీటే నొక్కితే గీత ఎట్లా మాయమవుతుందో ఆయనకు కంఠతా వచ్చేసింది. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు. మీటల చోట్లు తెలుసు. అడిగితే మాత్రం ఛీ, నాకెందుకు అనేవాడు.

నెలన్నరకు తీగ మొత్తం ఆకుపచ్చగా తెర మీదకొచ్చింది. హైమవతి కాసేపు దాన్ని తేరిపార చూసి వెనక్కి తిరిగింది.

"ఆచారిగారూ, ఇక్కడ అడుగున తొడిమ ఉంది, ఆకు లేదేంటండీ? కాయితం చెదలు తినేసిందా? మీ పాత తలుపు మీదా లేదు."

యలమందాచారి ఉలి ఆగింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. అది గడప ఆకమ్మా, దాని చోటు వదిలెయ్ అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కాని షెడ్డు వాకిట్లో నిలబడి రావుగారు ఎవరికో మిషను గురించి గొప్పలు చెబుతున్నారు. పెట్టనీ. ఆ ఆకు పెట్టేయనీ. ముహూర్తం వేళ ఊరంతా చూస్తుండగా, చెక్కడానికి చోటు లేదని తేలనీ. అప్పుడు తెలుస్తుంది రావుగారికి మిషను గొప్పతనం.

"నన్నడుగుతావేంటి? నీ మిషన్నే అడుగు," అన్నాడు.

హైమవతి ఇంకోసారి అడగలేదు. పక్క ఆకుకు నకలు తీసి, తిప్పి, ఖాళీలో పెట్టేసింది.

రెండు వారాలకు, గృహప్రవేశం నాటి శుక్రవారం ఉదయం బాపులపాడులో రావుగారి కొత్తింటి ముందు పందిట్లో నూటయాభై మంది ఉన్నారు. తలుపు నిజంగానే బాగుంది. అది ఒప్పుకోవడానికి ఆచారికి ప్రాణం పోయినంత పనయింది. తీగ ఎక్కడా వణకలేదు, పిందెలు కోసుకోవచ్చనిపించేట్టున్నాయి. రావుగారి తల్లి పున్నమ్మగారు వంగి తలుపుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, పక్కకు తప్పుకున్నారు. కోడలు సీతారావమ్మ పంచెల పళ్ళెం పట్టుకుని నిలబడింది.

"కానివ్వవయ్యా ఆచారీ, ముహూర్తం దాటిపోతోంది," అన్నారు పున్నమ్మగారు.

యలమందాచారి తాపీగా గుమ్మం ముందు కూర్చున్నాడు. ఉలి తీశాడు. తలుపు అడుగున పై కండువాతో తుడిచాడు. ఆ రోజు నుంచీ మనసులో నూరుకుంటున్న మాట ఇక అందరికీ వినపడేట్టు అన్నాడు.

"ఎక్కడ చెక్కనమ్మగారూ? చోటేదీ? మీ అబ్బాయిగారి మిషను గడప ఆకు కూడా చెక్కేసింది. ఆ మిషన్నే పిలిచి బట్టలు పెట్టండి!"

పందిట్లో గుసగుసలు బయల్దేరాయి. అపశకునమన్నారెవరో. రావుగారి మొహం జేవురించింది. ఆచారి కళ్ళు దించుకుని, పెదవుల చివర నవ్వు దాచుకున్నాడు.

"ఇదేం చోద్యంరా అబ్బాయ్?" అన్నారు పున్నమ్మగారు కొడుకుతో.

"ఆచారి చూసుకుంటాడనుకున్నానమ్మా. ఏమ్మా హైమవతీ, ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

హైమవతి జనం వెనక నుంచి ముందుకొచ్చింది. "కాయితంలో ఖాళీ ఉందండీ. ఎందుకుందని ఆచారిగారిని అడిగాను. నీ మిషన్నే అడుగు అన్నారు. నాకు ఈ ఆచారం సంగతి తెలీదండీ. తెలిస్తే వదిలేసేదాన్ని."

పున్నమ్మగారు ఆచారి వైపు తిరిగారు. "అడిగిందా?"

ఆయన ఉలిని కండువాతో తుడవసాగాడు.

"నిన్నేనయ్యా. ఆ పిల్ల అడిగిందా, లేదా?"

"అడిగింది."

"అడిగితే చెప్పకుండా, ముహూర్తం వేళ మా గుమ్మం ముందు కూర్చుని చెబుతున్నావా? ఇన్నేళ్ళు నీకు మా వాళ్ళ ఇళ్ళల్లో బట్టలు పెట్టింది ఇందుకేనా?"

ఆచారికి తల కొట్టేసినట్టయింది. ఆ ముసలావిడ ఇంకేమీ తిట్టలేదు. కోడలి చేతిలోంచి పళ్ళెం అందుకుని, ఆయన్ను దాటుకుని, హైమవతి ముందు నిలబడ్డారు.

"ఆకు చెక్కిన చేతికే బట్టలు. మా అత్తగారి నాటి నుంచీ మా ఇంట్లో అంతే. నువ్వు చెక్కించావు, నువ్వు తీసుకో."

"పంచెలు నేనేం చేసుకుంటానండీ?"

"మీ నాన్నకివ్వు. పట్టుకో, ముహూర్తం దాటిపోతోంది."

హైమవతి ఆచారి వైపు ఒకసారి చూసి పళ్ళెం అందుకుంది. జనం గుమ్మంలోకి కదిలారు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటే, లే ఆచారీ, దారికడ్డం అన్నారెవరో. లేచాడు. రావుగారు వెళుతూ వెళుతూ ఆయన చెవి దగ్గర ఆగారు.

"సోమవారం నుంచి కాలనీ తలుపులు. ఆ రోజు పొద్దున కంప్యూటర్లో ఏ బొమ్మ ఉంటే ఆ బొమ్మే ముప్ఫైకీ. ఆకు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మీరూ మీరూ తేల్చుకోండి. నా దగ్గరికి మాత్రం రావద్దు."

ముప్ఫై తలుపులంటే ముప్ఫై గుమ్మాలు. ఆ ఆకు అట్లాగే ఉంటే ఒక్క గుమ్మం ముందుకు కూడా యలమందాచారిని పిలిచే పని ఎవరికీ ఉండదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, పెళ్ళాం మీద అరిచి లేచిపోయాడు.

శనివారం షెడ్డులో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. పెట్టెలవాళ్ళు మేకులు కొట్టుకుంటున్నారు. పొద్దున్నుంచీ ఉలి చేత్తో పట్టుకుని ఊరికే కూర్చున్న ఆచారి, మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక కంప్యూటరు బల్ల దగ్గరికెళ్ళాడు.

"ఇదుగో అమ్మాయ్. ఆ ఆకు తీసెయ్."

హైమవతి తలెత్తలేదు. "ఏ ఆకండీ?"

"తెలీదా? గడప ఆకు. దాన్ని తీసేసి, తీసింది తీసినట్టు ఉండేట్టు చెయ్."

ఆమె కుర్చీలోంచి లేచింది. కిటికీలోంచి అన్నం డబ్బా అందుకుంది. కోపం లేనట్టే, చాలా మర్యాదగా అంది.

"నన్నడుగుతారేంటండీ? మిషన్నే అడగండి."

ఆమె వెళ్ళి షెడ్డు బయట నీడలో పెట్టెల మీద కూర్చుంది. పెట్టెలవాళ్ళెవరూ నవ్వలేదు. నవ్వితే ఆచారి పోట్లాడేవాడు, కాస్త తేలికగా ఉండేది.

యలమందాచారి కుర్చీలో కూర్చున్నాడు. గాజు కన్ను చేతికి చల్లగా తగిలింది. ఎడమచేత్తో ఆ మీట నొక్కాడు, కుడిచేత్తో పెద్ద మీట. కన్ను జరిపితే తెరమీద కూడిక గుర్తు అదురుతూ పోయింది. గడప ఆకు అంచు మీద ఆపి టిక్కుమనిపించి, మళ్ళీ పెద్ద మీట నొక్కాడు.

ఆకు పోయింది. తొడిమ మిగిలింది. నాన్న వదిలిన ఖాళీ, వదిలినట్టే ఉంది.

"ఓరి నీ!" అన్నాడు పైకే. ముప్ఫై గుమ్మాలూ ముందు కనిపించాయి.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తెర నల్లబడింది. మళ్ళీ వచ్చేసరికి తెరమీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు తప్ప తీగా లేదు, పిందెలూ లేవు. దాన్ని ఎట్లా పిలవాలో ఆయనకు తెలీదు. పిలిస్తే, ఆ పిల్ల ముందే దాచిన బొమ్మ ఆకుతో సహా వస్తుందని మాత్రం తెలుసు. చెరపడం ఒక్కటే చూశాడు, దాచడం ఎప్పుడూ చూడలేదు. మీటల మీద వేళ్ళు పెట్టాడు, తీశాడు. ఏది నొక్కితే ఏమవుతుందోనని భయం. యాభై రెండేళ్ళ వయసులో ఒక పనిముట్టు ముందు భయపడటం అదే మొదలు.

బయటికి చూశాడు. రెండు నెలల్లో ఆ అమ్మాయిని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు.

"హైమవతిగారూ," అన్నాడు. వినపడలేదనుకుని ఇంకాస్త గట్టిగా పిలిచాడు. "హైమవతిగారూ! కాస్త రండి. నాకు తెలీదు. చెప్పండి."

మేకుల చప్పుడు ఆగిపోయింది. హైమవతి విన్నది. విని, డబ్బాలో మిగిలిన పెరుగన్నం చివరి ముద్ద దాకా తిన్నది. కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంది. డబ్బా కడిగి బోర్లించింది. తర్వాత తీరిగ్గా లోపలికొచ్చింది. యలమందాచారి కుర్చీలోంచి లేచి, ఆమెకు చోటిచ్చి, మీటలు కనపడేట్టు పక్కన నిలబడ్డాడు.