బల్లలు ఎక్కని ఫెర్రీ

బడి గేటు మీది బోర్డులో మూడు భాషల్లో పేరుండేది. ఆ ఉదయం ఒక మనిషి నిచ్చెన వేసుకుని తెలుగు వరుస మీద తెల్లరంగు పూశాడు. పిల్లలు చూస్తూ నిలబడ్డారు.

"మాస్టారూ, మన పేరెందుకు సెరిపేత్తన్నాడు?" అంది ఐదో తరగతి మంజు.

"ఆర్డర్ హై, బేటీ," అన్నాడతను నిచ్చెన మీంచే. ఆ గొంతులో ద్వేషం లేదు. నన్ను భయపెట్టింది అదే.

బాంబూఫ్లాట్ జెట్టీకి ఎగువన, వాలు మీది ఆ బడిలో నేను తెలుగు విభాగం ఉపాధ్యాయుణ్ణి. ఈ దీవులకు శాసనసభ లేదు. బడి ఖర్చును నిర్ణయించే నిబంధన ప్రధాన భూభాగం నుంచి సముద్రం దాటి వస్తుంది. కొత్తది చెప్పేది ఇంతే: నిధులు పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు, సంఖ్య తగ్గిన విభాగాన్ని పెద్ద బడిలో కలిపేస్తారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని మరమ్మతుకు నిధి రాక కప్పు కారింది. కప్పు కారడం వల్ల పిల్లలు వెళ్ళిపోయారు. పిల్లలు వెళ్ళిపోయారని నిధి ఆపేశారు. ఒక చట్టం తాను ఎత్తిచూపే శూన్యాన్ని తానే తయారుచేయగలదా అని చాలాకాలం ఆలోచించాను. ఆలోచిస్తూ ఉండగానే నిచ్చెన వచ్చింది.

ఇకమీదట మా పిల్లలు ఫెర్రీలో అవతలి ఒడ్డుకు, హాడో వైపు బడికి పోవాలి. వానాకాలంలో గాలి లేస్తే ఫెర్రీ ఆగిపోతుంది. అప్పుడు పసివాళ్ళు ఏ ఒడ్డున చిక్కుకుంటారో నిబంధనలో లేదు.

ఆ సాయంత్రం బడి వరండాలో అందరూ చేరారు. కిరాణా కొట్టు భూషణం ముందుగా లేచాడు.

"తెలుగు సదివి ఏటి సేత్తారు? ఆఫీసులో హిందీ, బజార్లో హిందీ. నా గుంటల్ని ప్రైవేటు స్కూల్లో ఏసీసినాను. ఆరామ్ సే ఉన్నాం."

"నువ్వు తీసీసినావు గనకే బల్ల కాళీ అయింది," అంది మంజు తల్లి తవిటమ్మ. జెట్టీ దగ్గర చేపలమ్ముకునే మనిషి. "ఆ కాళీ బల్ల సూపించి నా గుంటని సముద్రం మీదకి తోల్తన్నారు. నీకేటి భయ్యా, నీ కొట్టు మునగదు!"

నవ్వులు లేచాయి. భూషణం ముఖం కందిపోయింది. "నానొక్కణ్ణేనా, దీదీ? కప్పు కారి గుంటలికి జొరాలొచ్చీసినాయి. పంచాయతీకెల్తే, మరమ్మతు పద్దు మా సేతుల్లోంచి తీసీసినారన్నారు. నానేటి సెయ్యాల?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మమ్మల్ని ఒక్కొక్కరిగా పారిపోయేలా చేసి, ఆ పారిపోవడాన్ని మా ఇష్టంగా రాసుకున్నారు.

"మళ్ళీ ఒక వినతిపత్రం..." అన్నాను నేను.

"రేపు బల్లలట్టుకుపోతారు, మాస్టారూ." తవిటమ్మ భర్త అప్పలరాముడు అప్పుడు నోరు విప్పాడు. అతను రేవులో బరువులెత్తే కళాసీ జట్టుకు మేస్త్రి. "ఆ పని మా కంట్రాక్టరు వీరేంద్ర సేఠ్‌ది. మోసీది మేమే."

"మొయ్యనని సెప్పు," అంది తవిటమ్మ.

"పాసు లాగీసుకుంటాడు. రేవులో అడుగెట్టనివ్వడు. ఏటి తిందుం?"

అతను తలెత్తలేదు.

మర్నాడు ఆకాశం సీసం రంగులో ఉంది. ఆ బల్లలు బరువైన పడౌక్ కర్రవి. రంపపు మిల్లులో పనిచేసిన మా ముందుతరం వాళ్ళు చేసిపెట్టినవి. ఒక్కొక్కటి ఎత్తడానికి జట్టంతా వంగాలి, మేస్త్రి కేక వేయాలి. కేక పడకుండా ఒకడు ముందు లేపితే ఇంకొకడు నలిగిపోతాడు. జట్టులోని నూకన్న వేళ్ళు అలాగే పోయాయి.

అప్పలరాముడు కేక వేశాడు. బల్లలు ఒకటొకటిగా వాలు దిగాయి. దారి పొడుగునా ఆడవాళ్ళు అతని ముఖంలోకి చూశారు. ఒక్కరూ తిట్టలేదు.

వాటిని జెట్టీ మీద వరుసగా దించారు; ఫెర్రీ ర్యాంపు దించి కాచుకుని ఉంది. అప్పుడు మంజు వచ్చి ముందు బల్ల మీద, రోజూ కూర్చునే చోటే కూర్చుంది. మిగతా పిల్లలూ ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. వెనక బల్ల ఖాళీగా ఉంది. భూషణం కొట్టు మూసి, తన ఇద్దరు పిల్లల్నీ చెయ్యి పట్టుకుని తెచ్చి అక్కడ కూర్చోబెట్టాడు.

"కాళీ బల్లలన్నారు గదా? ఇప్పుడు సూపించండి!"

"హటావో బచ్చోంకో! ఉఠావో!" పిల్లల్ని తప్పించి బల్లలెత్తమని అరిచాడు ర్యాంపు దగ్గర నిలబడ్డ వీరేంద్ర.

జట్టు వంగింది. చేతులు కర్ర మీద ఉన్నాయి. కేక రాలేదు.

"క్యా హువా, మేస్త్రీ?"

అప్పలరాముడు కూతుర్ని చూస్తున్నాడు. "పాసు నీది, సేఠ్. గొంతు నాది."

"అరే, మై బోల్తా హూఁ, ఉఠావో!"

"మేస్త్రి కేకెయ్యకుండా ఎత్తం, సేఠ్," అన్నాడు నూకన్న, తెగిన వేళ్ళ చెయ్యి పైకెత్తి. "నేకపోతే నువ్వే ఒంగో. మేం కేకేత్తాం!"

జెట్టీ అంతా నవ్వింది. ఆ నవ్వు ముగిసేలోపే పోలీసు జీపు వచ్చింది. వాళ్ళు పిల్లల్ని ముట్టుకోలేదు. అప్పలరాముణ్ణి మాత్రమే పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. ఫెర్రీలో బల్లలు పెట్టడానికని ఖాళీ చేసిన చోట పోలీసుల మధ్య అతను నిలబడ్డాడు. ర్యాంపు లేచింది. ఫెర్రీ కదిలింది.

వాన మొదలైంది.

ఒడ్డున మిగిలిన పోలీసు ఇన్‌స్పెక్టరు నాకేసి చూశాడు. "మాస్టర్‌జీ, ఆప్ సర్కారీ ఆద్మీ హైఁ. ఇధర్ ఆ జాఇయే."

అతను చూపించిన చోటు పొడిగా ఉంది, రేకు కింద. ఏ వైపు నిలబడాలో పుస్తకాల్లో ఏళ్ళుగా చదివాను; రెండు వైపుల మధ్య దూరం మాత్రం నాలుగడుగులే.

తవిటమ్మ చేపల గంప దించింది. కొంగు బిగించి ముందు బల్ల మొన దగ్గర వంగింది. పిల్లలు లేచి దారి ఇచ్చారు. భూషణం వంగాడు. ఆడవాళ్ళు వంగారు. జట్టు వాళ్ళు ఆమె నోటివైపు చూశారు. ఆ రేవులో ఆడమనిషి కేక వేయగా అంతవరకు ఎవరూ వినలేదు.

నేను వెళ్ళి తడి కర్ర మీద చేతులు పెట్టాను.

"ఎత్తూ... హోయ్!"

బల్ల లేచింది. దాని మొన వాలుకేసి, బడికేసి తిరిగింది. పోలీసు బూట్ల చప్పుడు మా వెనకే వస్తోంది. నడి రేవులో ఫెర్రీ పొడవుగా ఒక కూత వేసింది. తవిటమ్మ అంతకంటే పెద్దగా రెండో కేక వేసింది.