పుట్టగొడుగుల పాలు

పొద్దున్నే పాలు కాచి గ్లాసులో పోయడం స్పందన పని. అందులో చెంచాడు గోధుమరంగు పొడి కలిపే పని మాత్రం అత్తగారు సీతాబాయి తన చేతుల్లోకి తీసుకుంది, కోడలి మీద నమ్మకం లేక. డబ్బా మీద నున్నగా మెరిసే ఎర్రటి పుట్టగొడుగు బొమ్మ, దాని కింద ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని పెద్ద అక్షరాలు. తెచ్చింది మరిది ప్రణయ్. జమ్మికుంటలో పత్తి వ్యాపారం అన్నకొదిలేసి, అన్న మంచాన పడ్డాక అదీ చూడక, కొత్తగా ఆ పొడికి ఏజెంటయ్యాడు.

తాగాల్సింది స్పందన భర్త విద్యాధర్. రెండేళ్ల కింద అతని కిడ్నీలు పాడైనప్పుడు ఇంట్లో అందరి రక్తమూ చూశారు. ప్రణయ్‌ది సరిపోయింది. "పెండ్లి గావాల్సిన పోరడు" అంది సీతాబాయి. స్పందనది కూడా సరిపోయింది. ఆమె గురించి ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అడగడమని ఆమెకు అర్థమైంది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే ఉద్యోగం మానేసి, హైదరాబాదు వెళ్లి, ఎడమ కిడ్నీ ఇచ్చి వచ్చింది. చూడవచ్చిన చుట్టాలు విద్యాధర్ నసీబు మంచిదని, ఇసొంటి పెండ్లాం దొరికిందని అతన్నే మెచ్చుకున్నారు. వాళ్లకు చాయ్ పెట్టిచ్చింది పచ్చి కుట్లతో ఉన్న ఆమే.

డబ్బా ఇంట్లోకి వచ్చిన రోజే స్పందన వద్దని చెప్పింది. పుట్టగొడుగుల్లో బీటా గ్లూకాన్లనే పదార్థం ఉంటుందని, ఒంట్లోని తెల్లకణాలు దాన్ని చూసి బయటినుంచి ఏదో చొరబడిందనుకుని మేల్కొంటాయని, మామూలు మనిషికి అది ఎంత మేలో ఇంకా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయని, ఈయనకు మాత్రం ఆ కణాలు మగతగా పడుండటమే క్షేమమని. వేసుకుంటున్న మందులన్నీ వాటిని జోకొట్టడానికే. అవి లేస్తే కొత్త కిడ్నీని పరాయిదని గుర్తుపట్టి దాని మీద పడతాయి. ఇంటర్ పిల్లలకు చెప్పినంత ఓపికగా చెప్పింది.

వదినె ఇంకా క్లాసురూముల్నే ఉన్నదని ప్రణయ్ నవ్వాడు. మొగడు జర బలం పుంజుకుంటే నీకేం నొప్పి అని సీతాబాయి అడిగింది. స్పందన భర్త వైపు చూసింది.

"అవ్వ మనసు నొప్పిచ్చుడెందుకు? ఆకుపసరు అసొంటిదే గదా" అన్నాడు విద్యాధర్, గ్లాసు అందుకుంటూ.

స్పందన ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కుంది. వెంటనే ఆపమన్నారు. ఆ మాట చెబితే, డాక్టర్లు తమ మందులు అమ్ముకోవడానికి అట్లనే అంటారన్నాడు ప్రణయ్, తన సంచిలో ఇంకో పది డబ్బాలు పెట్టుకుని. ఒకసారి ఆమె పొడంతా సింకులో గుమ్మరించింది. మర్నాడు కొత్త డబ్బా వచ్చింది. అది సీతాబాయి బీరువాలోకి పోయింది. తన ఒంట్లోంచి కోసి ఇచ్చినదాన్ని కాపాడుకునే హక్కు కూడా తనకు లేదా అని ఆమెకు అనిపించేది. ఆ మాట పైకి అంటే, ఇచ్చి ఎత్తిపొడుస్తున్నదంటారు. అందుకని పాలు కాచేది, గ్లాసు కడిగేది, అతని కాళ్లు వాచాయేమోనని రోజూ చూసేది.

వానలు మొదలయ్యాక కాళ్లు వాచాయి.

హైదరాబాదులో పరీక్షలు చేసిన డాక్టరమ్మ, శరీరం కిడ్నీని తిప్పికొడుతోందని చెప్పి, కొత్తగా ఏమైనా వాడారా అని అడిగింది. ఏం లేదన్నాడు విద్యాధర్. ఏం లేదంది సీతాబాయి. స్పందన తాను దాచి తెచ్చిన ఖాళీ డబ్బా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ తిప్పి చదివింది. దీనివల్లే అయిందని కచ్చితంగా చెప్పలేనని, కానీ ఇది ఈయన నోట్లోకి పోకూడనిదని అంది. ఎవరిచ్చారని అడిగింది.

"ఇంట్ల నా తిండి, మందులు అన్నీ ఈమెనే చూస్తది మేడం" అన్నాడు విద్యాధర్.

అబద్ధం కాదు, నిజమూ కాదు. అత్తగారు నోరు విప్పుతుందేమోనని స్పందన ఎదురుచూసింది. సీతాబాయి కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటోంది. చదువుకున్నదానివి, నీకు తెలియదా అన్న డాక్టరమ్మ మాట స్పందన చెంప మీద పడ్డట్టయింది. తాను వద్దన్న సంగతి, ఫోన్ చేసిన సంగతి అప్పుడు చెప్పింది. అప్పటికే విద్యాధర్ ముఖం తిప్పుకున్నాడు.

ఎన్ని ఇంజక్షన్లు ఇచ్చినా కిడ్నీ నిలబడలేదు. మళ్లీ డయాలసిస్ మొదలైంది. ఇంకో దాత కోసం చూసుకోమని చెప్పి, డాక్టరమ్మ స్పందనను ఆపింది. ఇచ్చినవాళ్లు ఏటా పరీక్షలు చేయించుకోవాలి గదా, నీవి ఎప్పుడైనయని అడిగింది. స్పందన ఒక్కసారీ చేయించుకోలేదు. ఈ ఆస్పత్రికి ఎన్నోసార్లు వచ్చింది, అన్నిసార్లూ అతని ఫైలు మోసుకునే.

వరండాలో సీతాబాయి మాట మొదలుపెట్టింది. "ఇచ్చిన కిడ్నీలనే దమ్ము లేకుండె, ఏం జేస్తం. ఇచ్చోడ ఊర్ల ఉన్న నీ చెల్లె నర్మదది గూడ గదే గ్రూపు గదా. నువ్వు అడిగితే కాదనది."

స్పందన భర్త వైపు చూసింది. అతను కుర్చీలో కూర్చుని అరచేతులు చూసుకుంటున్నాడు. వద్దనలేదు.

"నా చెల్లెను అడుగ" అంది స్పందన. గొంతు పెరగలేదు. "ప్రణయ్‌ది అప్పుడే కలిసింది గదా, అత్తమ్మా. ఆయన్ను అడుగుండ్రి."

సీతాబాయి పిలుస్తున్నా ఆగకుండా కిందికి దిగి, పరీక్షలకు పేరు రాసే కౌంటర్ ముందు నిలబడింది. కిటికీ అవతలి అమ్మాయి తలెత్తకుండానే పేషెంటు పేరు అడిగింది. విద్యాధర్ పేరే నాలుక చివరిదాకా వచ్చింది.

"స్పందన."

"ఎంబడి ఎవరచ్చిన్రమ్మా?"

"ఎవ్వరు రాలే" అంది.