గోలీ ఎడమ బూటు

తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి ఊరు మొత్తం మీద మావాళ్ళకు నా షాపే దొరికింది. బూట్లు, చెప్పులు బాగుచేసే షాపు నాది. వచ్చినవాళ్ళు కూర్చుంటారని గోడ వారగా ఒక బల్ల వేశాను, నేను చేసుకున్న పాపం అదే. ఆ బల్ల మీద కూర్చుని మా జట్టును గెలిపించినవాళ్ళు, ఓడించినవాళ్ళు, కోచ్‌ల ఉద్యోగాలు ఊడగొట్టినవాళ్ళు అందరూ నాకు తెలుసు. ఒక్కడు కూడా జన్మలో బంతిని సరిగ్గా తన్నిన పాపాన పోలేదు. నేనూ అంతే. కాకపోతే అరవడంలో నన్ను మించినవాడు లేడు, అది ఒప్పుకోవాలి.

ఆదివారం ఏం జరిగిందో ముందు చెబుతాను. ఫుట్‌బాల్ లీగులో అది ఆఖరి మ్యాచ్. డ్రా చేసుకున్నా చాలు, మా జట్టు పై డివిజన్‌లో ఉంటుంది. ఓడితే కిందికి పోతుంది. ఎనభై ఏడో నిమిషం దాకా మేం రెండు గోల్స్ ముందున్నాం. స్టాండులో అప్పటికే పాటలు అందుకున్నాం. ఇంతలో మా డిఫెండర్ ఒకడు బంతిని భద్రంగా తీసుకెళ్ళి అవతలివాడి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఒక గోల్. రెండు నిమిషాలకు పెనాల్టీ. రెండో గోల్. ఇంజురీ టైమ్ అని అదనంగా నాలుగు నిమిషాలు ఇచ్చారు. ఆ నాలుగో నిమిషంలో దూరం నుంచి ఎవడో నీరసంగా ఒక బంతి తన్నాడు. మా గోలీ, అంటే గోల్ కాసేవాడు, అలాంటివి నిద్రలో లేపినా పట్టేస్తాడు. ఎడమ పక్కకు ఎగరబోయి, ఎగరలేక, కాలు జారి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బంతి అతని పక్కనుంచే మెల్లగా దొర్లుకుంటూ లోపలికి పోయింది.

ఆ గోలీ నా బావమరిది. నా భార్యకు ఉన్న ఒక్కగానొక్క తమ్ముడు. ఊరంతా వాడిని 'గోడ' అనేవాళ్ళు. ఆదివారం సాయంత్రం నుంచి ఇంకేవేవో అంటున్నారు.

సోమవారం స్కూళ్ళు వదిలే వేళకు బల్ల నిండింది. ఎప్పుడూ వచ్చే ముగ్గురే. బస్సు డ్రైవరు, స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు, మ్యాచ్‌లో తొంభై నిమిషాలూ ఈల ఆపడు కాబట్టి అందరూ 'విజిల్' అని పిలిచే కరెంటు పనివాడు.

"తప్పంతా కోచ్‌ది," అన్నాడు డ్రైవరు. "రెండు గోల్స్ ముందుండి, పరిగెత్తే కుర్రాళ్ళని బయట కూర్చోబెడతాడా ఎవడైనా? నేనైతే ఆడి లైసెన్సు చింపేద్దును."

"కోచ్‌ని వదిలెయ్ అన్నా," అన్నాడు విజిల్. "ముందు ఆ పెనాల్టీ సంగతి చెప్పు. తగిలిందా అసలు? ఆ రిఫరీకి కళ్ళున్నాయా, గాజుగోళీలా?"

మాస్టారు అందరూ అలిసిపోయే దాకా ఆగి అప్పుడు మాట్లాడతాడు. క్లబ్బు కమిటీలో సభ్యుడు కూడా. చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు.

"మూడో గోల్ సంగతి మాట్లాడండి. ఈ సీజన్‌లో అంత దూరం నుంచి, నేల మీదుగా, అతని ఎడమ పక్కకు వచ్చిన బంతులు పదిహేడు. పదిహేడూ పట్టాడు. పద్దెనిమిదోది, డివిజన్ పోగొట్టే బంతి, అదొక్కటే వదిలాడు."

"అంటే ఏంటి మాస్టారూ?" అన్నాడు డ్రైవరు.

"నేనేమీ అనట్లేదు. లెక్క చెబుతున్నా, అంతే."

ముగ్గురూ నా వైపు చూశారు. నేను మడమకు మేకు కొడుతూ, "కాలు జారింది," అన్నాను.

"వాన లేదు, బురద లేదు. ఎండిన గడ్డి మీద ఎలా జారుతుందయ్యా?" అన్నాడు మాస్టారు.

ఎలా జారిందో ఆ షాపులో నాకొక్కడికే తెలుసు. జారిన బూటు నా గల్లా బల్ల కింద గుడ్డసంచీలో ఉంది.

మా బావమరిదికి కొత్త బూట్లు అచ్చిరావు. ఐదేళ్ళుగా అదే జత. సోలు అరిగినప్పుడల్లా నేనే మారుస్తాను. గమ్ము రాసి, అంటించి, బరువు కింద పెట్టి, ఆరాక చుట్టూ కుట్టాలి. గమ్ము పట్టి ఉంచుతుందంతే, ఆటలో ఊడకుండా ఆపేది కుట్టు. దారానికి మైనం పట్టించడం నా భార్య పని. ఒక్కో బూటుకు సరిపడా కొలిచి, కత్తిరించి, మైనం రుద్ది గోడ మేకుకు తగిలిస్తుంది. ఆమె కొలత ఎప్పుడూ తప్పలేదు.

శనివారం ఆ ఎడమ బూటును మడమ నుంచి కుట్టుకొస్తున్నాను. బల్ల మీద ఈ ముగ్గురూ రేపు ముందు వరుసలో ఒకడిని ఆడించాలా, ఇద్దరినా అని కొట్టుకుంటున్నారు. నేను ఊరుకుంటానా? సగం బూటు దగ్గర సూది దించి, మిగిలిన దారం కత్తిరించి మేకుకు తగిలించి, లేచి నిలబడి మరీ అరిచాను. మాటకు మాట పెరిగి షాపు మూసే వేళ అయింది. ఆదివారం పొద్దున బావమరిది వచ్చి, "అయిందా బావా?" అన్నాడు. బూటు చేతిలోకి తీసుకున్నప్పుడే చూశాను, ముందు భాగానికి కుట్టు లేదు. పావుగంట పని. కానీ స్టాండులో నా చోటు పోతుందని నా తొందర నాది.

"అయింది పోరా. ఇది ఊడితే నా మీసం తీయించుకుంటా," అన్నాను.

నవ్వుతూ వెళ్ళాడు. ఎడమ పక్కకు ఎగరాలంటే బలమంతా ఎడమ కాలి వేళ్ళ మీదే పడుతుంది. అది నాకు తెలియక కాదు.

మ్యాచ్ అయ్యాక ఆ సాయంత్రమే షాపుకు వచ్చాడు. తల ఇంకా తడిగా ఉంది. ఎడమ బూటు తీసి బల్ల మీద పెట్టాడు. ముందు వైపు సోలు నాలుగు వేళ్ళ మేర లేచి నోరు తెరుచుకుని ఉంది.

"ఇది నీ దగ్గర ఉంచు బావా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. వెళ్ళిపోయాడు.

తలుపు దగ్గరికి వేసి, ఆ బూటును చెక్క దిమ్మకు తొడిగి, మట్టి గీకి, గమ్ము రాసి, మేకుకు వేలాడుతున్న ఆ మిగిలిన దారంతోనే కుట్టేశాను. ఎవరైనా చూస్తారన్న భయం ఒకటి. నోరు తెరిచిన బూటు కళ్ళ ముందుంటే చెయ్యి ఊరుకోని అలవాటు ఒకటి. ఏది ఎంతో ఈరోజుకీ చెప్పలేను. నా జన్మలో అంత శుభ్రమైన కుట్టు వెయ్యలేదు.

మంగళవారానికి మాస్టారి లెక్క ఊరంతా తిరిగి, మారిపోయి, నా షాపుకే తిరిగొచ్చింది. గోడ అమ్ముడుపోయాడట. సాక్ష్యం కూడా ఉందట. పోయిన నెల వాళ్ళమ్మకు వాషింగ్ మెషీన్ కొన్నాడు.

"వాయిదాల మీద కొన్నాడురా! నేనే హామీ సంతకం పెట్టాను!" అని అరిచాను.

"నువ్వు అలాగే అనాలి అన్నా, నీ బామ్మర్ది మరి," అన్నాడు విజిల్, జాలిగా.

బుధవారం పొద్దునకు మా అత్తగారింటి గోడ మీద తారుతో 'అమ్మకానికి లేదు, అమ్ముడుపోయింది' అని రాసి ఉంది. నా భార్య కిరోసిన్, పాత గుడ్డలు పట్టుకుని వెళ్ళింది. సాయంత్రానికి చేతులు మోచేతుల దాకా నల్లగా చేసుకుని వచ్చింది. అక్షరాలు పోలేదు, ఇంకా వెడల్పయ్యాయి. బావమరిది ఒక స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతాడు, అదే వాడి తిండి. క్లబ్బు పెట్టిన విచారణ తేలేదాకా రావద్దని స్కూలువాళ్ళు కబురు పెట్టారు. శుక్రవారం పదింటికి కమిటీ కూర్చుంటుంది. తప్పు రుజువైతే జీవితాంతం నిషేధం. ఆ మచ్చ పడ్డవాడిని ఏ స్కూలూ గడప తొక్కనివ్వదు. వాడి బతుకు నా ఒక్క మాట మీద ఉందని తెలిసి కూడా నేను మేకులు కొట్టుకుంటూ కూర్చున్నాను. నా షాపు గురించి భయపడ్డాను. వందమంది కాళ్ళ కింద ఉండేది నా పని. నా కుట్టు మీద నమ్మకం పోతే నా బతుకేమిటి? సిగ్గు లేకుండా చెబుతున్నాను, అలాగే అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం బల్ల ఖాళీగా ఉన్నప్పుడు బావమరిది వచ్చాడు. గడ్డం గీసుకోలేదు.

"బూటేది బావా?"

సంచీ ఇచ్చాను. బూటు తీసి, ముందు వైపు తిప్పి, కుట్టు మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరిపాడు.

"కుట్టేశావా," అన్నాడు.

నేను సుత్తి తీసి పక్కన పెట్టాను.

"నీ అంతట నువ్వే పట్టుకెళ్ళి చూపిస్తావని నీ దగ్గర పెట్టాను. నేను చెబితే, తప్పు బావ మీదకు తోశాడంటారు. అక్కకు మొహం ఎలా చూపించను?" బూటు మళ్ళీ సంచీలో పెట్టి నా వైపు జరిపాడు. "బాగా కుట్టావు బావా."

వాడు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

శుక్రవారం పొద్దున మంగలి షాపుకు వెళ్ళి మీసం తీయించుకుని, సంచీ పట్టుకుని, క్లబ్బుకు వెళ్ళాను. మేడ మీద పొడవాటి గది. పాత కప్పులున్న అద్దాల బీరువా. అధ్యక్షుడు, పక్కన మాస్టారు, ఇంకో ఇద్దరు. బావమరిది ఒక చివర కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెనకాల నిలబడ్డవాళ్ళలో డ్రైవరు, విజిల్ ఉన్నారు.

అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. శనివారం అరుపులు, సగంలో ఆపిన కుట్టు, అయిందని చెప్పిన అబద్ధం, అన్నీ.

అధ్యక్షుడు బూటు అందుకుని, వెలుగులోకి పట్టుకుని, రెండు చేతులతో విరిచినట్టుగా వంచి చూశాడు. సోలు వెంట్రుకవాసి కదల్లేదు.

"ఎక్కడయ్యా ఊడింది?"

"అప్పుడు ఊడిందండీ. తర్వాత నేనే కుట్టాను."

"ఎప్పుడు?"

"ఆ సాయంత్రమే."

"సాక్ష్యంగా పనికొచ్చే బూటును, విచారణ కాకముందే, ఎవరూ అడక్కుండా కుట్టావు. ఎందుకు?"

భయం అన్నాను. అలవాటు అన్నాను. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

"నిజమేనా?" అని అధ్యక్షుడు బావమరిదిని అడిగాడు.

"నిజమేనండీ," అన్నాడు వాడు, తల ఎత్తకుండా.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళలో నీ కుట్టు ఊడగా నేను చూడలేదయ్యా. ఒక్కటంటే ఒక్కటి. ఇప్పుడు సరిగ్గా ఈయన బూటే, సరిగ్గా ఆ నిమిషంలోనే ఊడిందా? నీ పేరు పాడుచేసుకుని బావమరిదిని కాపాడుకోవాలనుకున్నావు. నీ మంచితనం అది. కానీ మేం లెక్క చూడాలి కదా."

"మీ లెక్క తగలెయ్య! నేను చేశానంటున్నాను కదయ్యా!" అని బల్ల గుద్దాను. డ్రైవరు వచ్చి నా భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. మెట్ల మీద నా వీపు తట్టి, "ఉంటే నీలాంటి బావ ఉండాలి," అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

పన్నెండింటికి నిర్ణయం చెప్పారు. జీవితాంతం నిషేధం. బావమరిది నా ముందు నుంచే మెట్లు దిగి వెళ్ళాడు. పలకరించలేదు, తప్పుకుపోనూ లేదు. దారిన పోయే మనిషిని చూసినట్టు చూశాడు.

షాపుకు వచ్చేసరికి తలుపు తీసి ఉంది. నా భార్య బల్ల మీద కూర్చుని దారానికి మైనం రుద్దుతోంది. గోళ్ళ సందుల్లో తారు ఇంకా పోలేదు. కబురు నాకంటే ముందే వచ్చేసింది.

"విజిల్ వచ్చి చెప్పాడు," అంది. "నా తమ్ముడి కోసం కమిటీ ముందు అబద్ధమాడారట. ఎవరూ నమ్మలేదట. మీలాంటి మొగుడు దొరకడం నా అదృష్టమట."

సంచీలోంచి బూటు తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. మీసం లేని నా మొహం వైపు ఒకసారి, గోడ మేకు వైపు ఒకసారి చూసింది.

"శనివారం షాపు ఊడ్చేటప్పుడు ఆ మేకుకు సగం దారం వేలాడుతుంటే చూశాను. నేను కొలిచి ఇచ్చిన దారం మిగలదు. కొలత తప్పానేమో అనుకున్నాను. ఈ వారమంతా అలాగే అనుకున్నాను." చేతిలోని దారం కత్తిరించి, లేచి, మేకుకు తగిలించింది. "వాళ్ళు నమ్మకపోతే పోనివ్వండి. నేను నమ్ముతున్నాను."

తర్వాత చెప్పులు వేసుకుని, తారు తుడిచే గుడ్డలు తీసుకుని, వాళ్ళమ్మ ఇంటికి వెళ్ళిపోయింది.